తప్పును రిజిస్టరుకెక్కించిన గ్రేస్ హాపర్

మా చిన్నమ్మాయిది రాత్రి డ్యూటీ. ఆఫీసుకు పోయి కాదు, దేవరకొండలో మా ఇంటి వెనక గదిలో కూర్చునే చేస్తుంది. ఒక బల్ల, కుర్చీ, లాప్‌టాప్, కరెంటు పోతే ఇన్వర్టరు. ఊరంతా నిద్రపోతుంటే ఆ గదిలో మాత్రం లైటు వెలుగుతూనే ఉంటుంది. చుట్టాలెవరైనా వచ్చి పిల్ల ఏం పని చేస్తుందని అడిగితే మొదట్లో నాకు చెప్పరాకపోయేది. కంప్యూటర్ పనే అని దాటేసేదాన్ని.

తర్వాత తనే విడమరిచి చెప్పింది. మనం ఫోన్లో కరెంటు బిల్లు కడతాం, బస్సు టికెట్టు తీస్తాం, మీసేవలో కులం సర్టిఫికెట్టుకు అర్జీ పెడతాం. మనం నొక్కిన ప్రతి నొక్కూ ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్‌కు ఒక అర్జీలాగా పోతుంది. ఆ కంప్యూటర్ జవాబుతో పాటు ఒక అంకె కూడా పంపిస్తుంది. 200 అంటే పని అయింది. 404 అంటే అడిగిన పేజీ దొరకలేదు. 500 అంటే లోపల ఏదో చెడింది. నిమిషానికి ఎన్ని అర్జీలు వస్తున్నాయి, అందులో ఎన్ని తిరిగి పోతున్నాయి, ఒక్కోదానికి ఎంత సేపు పడుతోంది, ఇవన్నీ ఎప్పటికప్పుడు నమోదవుతూ ఉంటాయి. తిరిగి పోయేవి హద్దు దాటితే ఫోను మోగుతుంది. కారణం వెతికి, సరిచేసి, ఏం జరిగిందో రాసి పెట్టాలి. అదీ మా పిల్ల ఉద్యోగం.

ఇది విని మావారు నవ్వారు. ఆయన సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. గంట గంటకూ ఏ ఫీడరు మీద ఎంత లోడుందో, ఏది ఎన్నింటికి ట్రిప్పయిందో, మళ్లీ ఎన్నింటికి వేశారో రిజిస్టరులో రాయడమే ఆయన పని. నా పనే నువ్వూ చేస్తున్నావు బిడ్డా, కాకపోతే నా రిజిస్టరు కాగితాలది అన్నారు.

ఆ పిల్ల బల్ల ముందు గోడకు ఒక ముసలావిడ ఫోటో ఉంటుంది. సన్నటి మనిషి, పెద్ద కళ్లద్దాలు, ఒంటి మీద నేవీ యూనిఫారం. మా వైపు వాళ్లెవరూ కారు. ఎవరని అడిగితే గ్రేస్ హాపర్ అంది. మా వృత్తిలో మా అమ్మమ్మ అనుకో అంది. అప్పుడంతగా పట్టించుకోలేదు గానీ, పోయినేడు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి తర్వాత ఆవిడ గురించి దొరికిందల్లా చదివాను. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆవిడ కథ.

ఏడు గడియారాలు

గ్రేస్ 1906 డిసెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో పుట్టింది. పుట్టింటి పేరు గ్రేస్ ముర్రే. ముగ్గురు పిల్లల్లో పెద్దది. తండ్రి ఇన్సూరెన్సు పని చేసేవాడు. తల్లికి లెక్కలంటే ప్రాణం. కానీ ఆ కాలంలో ఆడవాళ్లకు పెద్ద చదువు అందేది కాదు కాబట్టి ఆవిడ ఇష్టం ఇంటి గడపలోనే ఆగిపోయింది.

గ్రేస్‌కు ఏడేళ్లప్పుడు ఇంట్లో ఉన్న అలారం గడియారం ఎట్లా మోగుతుందో చూడాలనిపించింది. విప్పింది. మళ్లీ బిగించడం రాలేదు. రెండోది విప్పి చూస్తే తెలుస్తుందని అదీ విప్పింది. ఇట్లా ఇంట్లో ఉన్న ఏడు గడియారాలూ ముక్కలైనాయి. తల్లి కొట్టలేదు, తిట్టలేదు. ఇక మీద ఒక్క గడియారమే విప్పాలని హద్దు పెట్టి ఊరుకుంది. మన ఇళ్లలో ఆడపిల్ల మిక్సీ విప్పితే ఏమంటామో ఒకసారి గుర్తు చేసుకోండి.

తండ్రికి రక్తనాళాల జబ్బు చేసి కాళ్లు తీసేయాల్సి వచ్చింది. తాను ఎన్నాళ్లుంటానో తెలియదు కాబట్టి కొడుకుతో పాటు కూతుళ్లూ సొంత కాళ్ల మీద నిలబడేలా చదవాలని ఆయన పట్టుబట్టాడు. గ్రేస్ 16 ఏళ్లకు వాసర్ అనే ఆడపిల్లల కాలేజీకి దరఖాస్తు పెడితే లాటిన్‌లో మార్కులు చాలక సీటివ్వలేదు. మళ్లీ చదివి మరుసటేడు చేరింది. 1928లో లెక్కలు, ఫిజిక్సులో డిగ్రీ అయింది. యేల్ విశ్వవిద్యాలయంలో 1930లో ఎం.ఏ., 1934లో గణితంలో డాక్టరేటు పూర్తి చేసింది. 1930లోనే విన్సెంట్ హాపర్ అనే అధ్యాపకుణ్ణి పెళ్లాడింది. 1931 నుంచి తాను చదివిన వాసర్‌లోనే లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది.

నేవీలో చేరిన లెక్కల టీచరు

1941 డిసెంబరులో జపాన్ పెరల్ హార్బర్ మీద బాంబులు వేసింది. అమెరికా యుద్ధంలోకి దిగింది. గ్రేస్ ముత్తాత నేవీలో రియర్ అడ్మిరల్. తానూ నేవీలో చేరాలనుకుంది. వయసు 35, ఎక్కువన్నారు. ఎత్తుకు తగ్గ బరువు లేదు, ఏడు కిలోలు తక్కువన్నారు. లెక్కల అధ్యాపకురాలిగా ఉంటేనే దేశానికి ఎక్కువ ఉపయోగమన్నారు. ఆవిడ వినలేదు. కాలేజీకి సెలవు పెట్టి, బరువు విషయంలో ప్రత్యేక అనుమతి తెచ్చుకుని 1943 డిసెంబరులో నేవీ రిజర్వులోని మహిళా విభాగంలో చేరింది. తనకంటే పదేళ్లు, పదిహేనేళ్లు చిన్నవాళ్లతో కలిసి కవాతు చేసి, శిక్షణలో మొదటి స్థానంలో నిలిచింది.

1944 జూలైలో ఆవిణ్ణి హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి పంపారు. అక్కడ హోవార్డ్ ఐకెన్ అనే ఆచార్యుడి చేతి కింద మార్క్ 1 అనే లెక్కల యంత్రం ఉంది. దాని పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు. లోపల 850 కిలోమీటర్ల తీగ. చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ చదువుకుంటూ, సెకనుకు మూడు కూడికలు చేసేది. మన చేతిలో ఉన్న ఫోను ముందు అది ఎందుకూ కొరగాదు గానీ, అప్పటికి అదొక అద్భుతం. ఫిరంగి గుండ్లు ఎంత దూరం పోతాయి, సముద్రంలో మందుపాతరలు ఎట్లా తొలగించాలి వంటి లెక్కలన్నీ దాని మీదే చేసేవాళ్లు. ఆ యంత్రాన్ని ఎట్లా నడపాలో చెప్పే 561 పేజీల పుస్తకం రాసే పని కూడా గ్రేస్ మీదనే పడింది. అది 1946లో అచ్చయింది.

యంత్రం రాత్రింబవళ్లు నడవాలి. ఎక్కడో ఒక రిలే చెడితే లెక్క తప్పేది. వేలకు వేల భాగాల్లో చెడింది ఏదని వెతకడం? గ్రేస్ లైట్లు ఆర్పించి, తన హ్యాండుబ్యాగులో ఉన్న చిన్న అద్దం తీసి లోపలికి పెట్టి, ఎక్కడ నిప్పురవ్వ వస్తోందో చూసేదట. బొట్టు దిద్దుకునే అద్దంలాంటి దానితో యుద్ధ యంత్రం జబ్బు కనిపెట్టిన మనిషి ఆవిడ.

రిజిస్టరులో పురుగు

అక్కడ ఒక కచ్చితమైన పద్ధతి ఉండేది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ లెక్క మొదలైంది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, అన్నీ రిజిస్టరులో చేత్తో రాయాలి. 1947 సెప్టెంబరు 9న మార్క్ 2 అనే కొత్త యంత్రం సరిగ్గా నడవలేదు. వెతగ్గా వెతగ్గా, ఎఫ్ అనే పలకలో 70వ నంబరు రిలే మధ్య ఒక దీపం పురుగు ఇరుక్కుని చచ్చిపడి ఉంది. పనివాళ్లు దాన్ని పారేయలేదు. మధ్యాహ్నం 3.45 అని టైము వేసి, పురుగును టేపుతో రిజిస్టరులో అతికించి, పక్కన ఏం దొరికిందో రాశారు. పురుగుతో సహా ఆ రిజిస్టరు ఇప్పుడు అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియం సేకరణలో ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ పురుగును పట్టింది గ్రేస్ హాపరేనని, కంప్యూటర్ తప్పును బగ్ అనడం ఆరోజే మొదలైందని చాలాచోట్ల రాస్తారు. రెండూ నిజం కాదు. పురుగును పట్టింది ఆవిడతో పనిచేసే ఆపరేటర్లు. యంత్రాల లోపాన్ని బగ్ అనడం అంతకు 70 ఏళ్ల కిందటే, ఎడిసన్ కాలంలోనే ఉంది. అందుకే ఆ రాసినవాళ్లు నిజం పురుగు దొరికిందని సరదా పడ్డారు. ఈ కథను ఊరూరా చెప్పి లోకానికి తెలిపింది మాత్రం హాపరే. తప్పుల లెక్క రాయడం గురించి చెబుతూ ఈ తప్పును సరిచేయకపోతే బాగుండదు కదా.

చీకటి రోజులు

పైకి ఇంత చురుగ్గా కనిపించిన మనిషి బతుకు లోపల మాత్రం అంత సుఖంగా లేదు. 1945లో భర్తతో విడాకులయ్యాయి. పిల్లలు లేరు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. యుద్ధం అయిపోయాక నేవీలో శాశ్వతంగా ఉంటానంటే వయసు మించిందన్నారు. వాసర్ కాలేజీ పూర్తి ఆచార్య పదవి ఇస్తానంటే వద్దని హార్వర్డ్‌లో యంత్రాల దగ్గరే ఉండిపోయింది. అక్కడ ఆడవాళ్లకు ఆ పనిలో శాశ్వత ఉద్యోగం లేదు. 1949లో ఒప్పందం గడువు తీరింది. బయటికి రావాల్సి వచ్చింది.

ఆ ఏళ్లలో ఆవిడ తాగుడుకు అలవాటు పడింది. 1949లో ఫిలడెల్ఫియాలో తాగి ఉన్నప్పుడు పోలీసులు పట్టుకున్నారు కూడా. చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చాయి. సాయం చేసింది స్నేహితులే. ఎడ్మండ్ బర్కిలీ అనే పాత సహోద్యోగి తాగుడు మీద నిర్మొహమాటంగా ఉత్తరం రాసి హెచ్చరించాడు. గొప్పవాళ్ల జీవితాలు రాసేటప్పుడు ఇటువంటివి వదిలేస్తారు. నేను వదలదలచుకోలేదు. కింద పడి లేచిన మనిషి కథే మనకు పనికొస్తుంది. ఆవిడ గొప్ప పనులన్నీ ఈ చీకటి రోజుల తర్వాతివే.

కాపీలో వచ్చే తప్పులు

1949లో ఆవిడ ఫిలడెల్ఫియాలో ఎకెర్ట్, మాక్లీ అనే ఇద్దరు పెట్టిన కంపెనీలో చేరింది. యునివాక్ అనే కంప్యూటర్ తయారవుతోందక్కడ. అప్పట్లో కంప్యూటర్‌తో పని చేయించాలంటే ఆదేశాలన్నీ అంకెల్లో, గుర్తుల్లో రాయాలి. ఒకసారి రాసిన ముక్క మళ్లీ అవసరమైతే నోటుపుస్తకం చూసి చేత్తో ఎక్కించుకునేవాళ్లు. ఎక్కించేటప్పుడు ఒక అంకె అటూ ఇటూ అయ్యేది. స్థానాల నంబర్లు కూడేటప్పుడు కూడిక తప్పేది. హాపర్ ఇది గమనించింది. యంత్రం చేసే తప్పులకంటే మనిషి చూసి రాయడంలో చేసే తప్పులే ఎక్కువని తేల్చుకుంది.

పోచంపల్లి చీర నేసే ఇళ్లు చూసినవాళ్లకు ఈ బాధ తొందరగా అర్థమవుతుంది. ముందు గళ్ల కాగితం మీద డిజైను గీస్తారు. దాన్ని చూసి నూలు కట్టకు ఎక్కడెక్కడ రంగు అంటకూడదో అక్కడ కట్లు కడతారు. కట్టలో బోలెడు పోగులు కలిసి ఉంటాయి. ఒక్క కట్టు జరిగితే ఒక్క పువ్వు కాదు, ఆ వరస పూలన్నీ చెడతాయి. తప్పు జరిగింది కట్టు దగ్గర, బయటపడేది మగ్గం మీద. కంప్యూటర్ ఆదేశాలదీ అదే తీరు.

చూసి రాసే పని మనిషికెందుకు, యంత్రానికే అప్పజెబితే పోలేదా అని హాపర్ ఆలోచించింది. అవసరమైన ముక్కలను యంత్రమే తనంతట తాను వెతికి, పేర్చి, కలుపుకునేలా ఒక ఏర్పాటు చేసింది. దాన్నే కంపైలర్ అన్నారు. దాని గురించి 1952లో పత్రం చదివింది. కంప్యూటర్ అంటే లెక్కలు చేసేదే గానీ ప్రోగ్రాములు రాసేది కాదని చాలామంది కొట్టిపారేశారు. తయారై ముందు నడుస్తున్నా నమ్మనివాళ్లున్నారు.

మాటలతో నడిచే యంత్రం

తర్వాతి అడుగు ఇంకా పెద్దది. గుర్తులూ అంకెలూ లెక్కల పండితులకు బాగుంటాయి. కానీ జీతాలు, సరుకుల లెక్కలు చూసే గుమాస్తాలకు మామూలు మాటలు కావాలి. అందుకని ఇంగ్లీషు మాటలతో ఆదేశాలిస్తే కంప్యూటరే వాటిని తన భాషలోకి మార్చుకునేలా ఫ్లోమాటిక్ అనే భాషను తయారుచేసింది. ఇది నిజంగా పని చేస్తుందని చూపడానికి అవే ఆదేశాలు ఫ్రెంచిలో, జర్మనులో కూడా ఇచ్చింది. అమెరికాలో తయారైన కంప్యూటర్‌కు ఫ్రెంచి, జర్మను ఎట్లా వస్తాయని పెద్దసార్లు కంగారు పడిపోయారు. ఏ భాషైనా యంత్రానికి ఒకటేనని వాళ్లకు నచ్చజెప్పడానికి ఆవిడకు చాలా రోజులు పట్టింది.

1959 మే నెలలో అమెరికా రక్షణ శాఖ కంపెనీలన్నిటినీ పిలిచి, అన్ని యంత్రాల మీదా నడిచే ఒకే భాష కావాలంది. అందులోంచి పుట్టిందే కోబాల్. అది ఒక కమిటీ చేసిన పని. జీన్ సామెట్, మేరీ హాస్ వంటి ఆడవాళ్లు అందులో పెద్ద పాత్ర వహించారు. దానికి పునాది మాత్రం హాపర్ ఫ్లోమాటిక్. బ్యాంకుల్లో, ప్రభుత్వ ఖజానాల్లో ఆ భాషలో రాసిన ప్రోగ్రాములు ఇప్పటికీ నడుస్తున్నాయి. 2020 ఏప్రిల్‌లో కరోనా వేళ ఉద్యోగాలు పోయినవాళ్ల అర్జీలు వెల్లువెత్తితే, అమెరికాలోని న్యూజెర్సీ గవర్నరు కోబాల్ తెలిసినవాళ్లెవరైనా ఉంటే సాయానికి రమ్మని బహిరంగంగా పిలుపునిచ్చాడు.

మళ్లీ మళ్లీ పిలిచారు

1966 చివర నేవీ ఆవిణ్ణి రిటైర్ చేసింది. అరవై ఏళ్లు. ఏడు నెలలు తిరిగీ తిరక్కముందే, జీతాల ప్రోగ్రాములు గందరగోళమయ్యాయి, ఆరు నెలలకు రమ్మని పిలిచారు. ఆ ఆరు నెలలు 19 ఏళ్లయ్యాయి. ఒక్కో కంపెనీ కోబాల్‌ను ఒక్కో తీరుగా మార్చేసుకుంటే, ఎవరిది సరైందో, ఎవరిది తప్పుతోందో పరీక్షించే ప్రోగ్రాములు తయారు చేయించింది. అంటే చివరికి ఆవిడ పని మళ్లీ తప్పులు పట్టడమే.

ఆ ఏళ్లలోనే దేశమంతా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చేది. అడుగుకు కాస్త తక్కువ పొడవున్న తీగ ముక్కలు సంచిలో వేసుకుని పోయి పంచిపెట్టేది. సెకనులో వంద కోట్ల వంతు కాలంలో విద్యుత్తు అంతకంటే ఎక్కువ దూరం పోలేదు, జవాబు ఆలస్యమైతే దారి పొడవు ఎంతుందో కూడా చూడండి అని చెప్పేది. పెద్ద లెక్కను అరచేతిలో పెట్టి చూపడం ఆవిడకే చెల్లింది. ఆఫీసులో గడియారం ముళ్లు వెనక్కు తిరిగేవి. ఎప్పటినుంచో ఇట్లాగే చేస్తున్నాం అనేవాళ్లకు అదే జవాబు.

1986 ఆగస్టు 14న 79 ఏళ్ల వయసులో, రియర్ అడ్మిరల్ హోదాలో, బోస్టన్‌లో ఒక పాత యుద్ధనౌక మీద పదవీ విరమణ చేసింది. అప్పటికి నేవీలో పనిలో ఉన్న అధికారులందరిలోకీ ఆవిడే వయసులో పెద్ద. అప్పుడైనా ఇంట్లో కూర్చుందా? ఒక కంప్యూటర్ కంపెనీకి సలహాదారుగా చేరింది. 1991లో అమెరికా ప్రభుత్వం నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ ఇచ్చింది. ఒంటరిగా ఆ పతకం అందుకున్న మొదటి మహిళ ఆవిడే. 1992 జనవరి 1న నిద్రలోనే కన్నుమూసింది. 85 ఏళ్లు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో సమాధి చేశారు. 2016లో అధ్యక్షుడు ఒబామా దేశపు అత్యున్నత పౌర పురస్కారం ఆవిడ పేరున ప్రకటించాడు. 2017లో యేల్‌లో ఒక కాలేజీకి ఆవిడ పేరు పెట్టారు.

మా ఇంట్లో జరిగింది

ఇప్పుడు మా సంగతి. పోయినేడు ఒక రాత్రి రెండున్నరకు మా పిల్ల గదిలోంచి ఏడుపు వినిపించింది. ఏదో చిన్న మార్పు చేస్తూ ఒక అంకె తప్పు వేసిందట. నలభై నిమిషాల పాటు జనం డబ్బు కట్టే పేజీ తెరుచుకోలేదు. వచ్చిన అర్జీలు వచ్చినట్టే 500 అని తిరిగి పోయాయి. తర్వాత సరిచేసింది. కానీ ఏం జరిగిందో రాయాలి. ఆ సమయంలో ఇంకో ఇద్దరు కూడా పని చేస్తున్నారు. సర్వర్ మీద భారం పెరిగిందని గుండుగుత్తగా రాసేస్తే ఎవరూ లోతుగా అడగరు. ఉన్నదున్నట్టు రాస్తే ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. తన జీతం మీద ఇంటి అప్పు ఉంది. నాకూ భయమే వేసింది. నిజం చెప్పొద్దూ, ఊరుకో బిడ్డా అని నోటి చివరిదాకా వచ్చింది.

మావారు లేచి వచ్చి మంచినీళ్లిచ్చి కూర్చున్నారు. ఒకప్పుడు తాను ఒక ఫీడరు పొరపాటున ఆపిన సంగతి చెప్పారు. రిజిస్టరులో లైన్ ఫాల్టు అని రాసి తప్పించుకుందామనుకున్నారట. కానీ అట్లా రాస్తే లేని ఫాల్టు కోసం లైన్‌మెన్ చీకట్లో స్తంభాలు ఎక్కుతారు. అందుకని తన పేరే రాశారు. మెమో వచ్చింది. ఎవరి ప్రాణానికీ ఏం కాలేదు. మా పిల్ల కాసేపు గోడ మీది ఫోటో చూస్తూ కూర్చుంది. తర్వాత టైముతో సహా, వేసిన అంకెతో సహా, తన పేరుతో సహా రాసింది.

ఆ ఏడు జీతం పెరగలేదు. ఉద్యోగం మాత్రం పోలేదు. అటువంటి మార్పు ఇక మీద ఒక్కరే చేయకూడదని, ఇంకొకరు చూసి ఒప్పుకున్నాకే పని జరగాలని కొత్త పద్ధతి పెట్టారు. తర్వాత కొన్ని నెలలకు వేరే ఊళ్లో ఉన్న ఇంకో అమ్మాయి అదే అంకె అట్లాగే తప్పు వేసిందట. రెండోవాళ్లు చూసి పట్టుకున్నారు. ఆ రాత్రి ఎవరి పేజీ ఆగలేదు.

మా పుట్టిల్లు పాత పాలమూరు జిల్లా కల్వకుర్తి. పదో తరగతి కాగానే నా చదువు ఆపేశారు. ఇప్పుడు రాత్రిపూట మెలకువ వస్తే ఆ గది గుమ్మం దాకా పోయి చూసి వస్తాను. తెర మీద పచ్చటి గీతలు మెల్లగా సాగుతుంటాయి. ఎర్రగా మారితే అడగాలని ఇప్పుడు నాకూ తెలుసు. అన్నీ పచ్చగానే ఉన్నాయా బిడ్డా అని అడుగుతాను. ఉన్నాయమ్మా, పోయి పడుకో అంటుంది.